చిన్న ఆంప్లీ, పెద్ద పెట్టెలు

ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారని అడిగితే నేను చెప్పలేను. ఎండ మాత్రం గుర్తుంది. రోడ్డు మీది తారు చెప్పులకి అంటుకునేది. నోరున్న ప్రతివాడికీ మైకు కావాల్సి వచ్చిన కాలం అది. సౌండు అద్దెకిచ్చే మాలాంటి వాళ్ళకి అదే పంట. ఆ పంట మధ్యలోనే, పోయిన మా మామగారు మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టారు.

నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వేద్దామనే చూశాను.

మా మామగారిది సౌండు షాపు. ఆంప్లిఫయర్లు, స్పీకరు పెట్టెలు, హారన్లు, మైకులు, చుట్టలు చుట్టలుగా వైర్లు. ముందు గది షాపు, వెనక గదులు ఇల్లు. నాకు సోల్డరింగు పని నేర్పింది ఆయనే. "గరిటె తిప్పే చేతికి ఇదో బరువా అమ్మా" అని సోల్డరింగు కడ్డీ నా చేతిలో పెట్టారు. ఏ ఆంప్లీకి ఏ పెట్టె తగిలించాలో చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పెద్ద ఆంప్లీ పెడితే పెట్టె పేలిపోతుందని అందరూ భయపడతారు. ఆయన దాన్ని తిరగేసి చెప్పేవారు. పెట్టెని చంపేది పెద్ద ఆంప్లీ కాదమ్మా, చిన్నది. పెట్టె ఎంత మోస్తుందో దానికి ఒకటిన్నర రెట్లు బలం ఆంప్లీలో ఉండాలి, ఉండి ఊరుకోవాలి. నిండుకుండ తొణకదు. బలం చాలనిదాన్ని పట్టుకుని అరవమంటే దాని గొంతు చిట్లుతుంది. ఆ చిట్లిన గొంతు వెళ్ళి హారన్ లోపలి సన్నతీగ చుట్టని మాడ్చేస్తుంది. ఇదీ ఆయన పాఠం.

ఆంప్లీకీ పెట్టెకీ జత కుదర్చడంలో అంతటి మనిషి, కొడుకుల దగ్గర లెక్క తప్పారు. గొంతు జబ్బుతో మంచం పట్టాక ఇద్దర్నీ పిలిచి వాటాలు చెప్పారు. ఆంప్లీలన్నీ పెద్దోడికి, పెట్టెలూ హారన్లూ అన్నీ చిన్నోడికి. పెద్దోడంటే మా బావగారు, చిన్నోడంటే మా ఆయన. వాళ్ళకి వేరే పేర్లున్న సంగతే ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఆంప్లీ లేకుండా పెట్టె పలకదు, పెట్టె లేకపోతే ఆంప్లీ ఉత్త ఇనప డబ్బా. కాబట్టి ఒకణ్ణి వదిలి ఒకడు పోలేడు, చచ్చినట్టు కలిసే ఉంటారని ఆయన ఎత్తు.

ఆయన పోయి నెల తిరక్కుండానే బోర్డు మీద ఎవరి పేరు పైన రాయాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. పేర్లే గుర్తులేని ఇంట్లో పేరు కోసం గొడవ. బావగారు ఆంప్లీలన్నీ బండికెక్కించుకుని, ఎదురు వరసలోనే ఒక షట్టరు అద్దెకి తీసుకున్నారు. గొడ్డలి ఒకరికి, కర్ర ఒకరికి వచ్చిన వాటాలు మావి. ఇక అత్తయ్య ఎవరి దగ్గరుంటుందని అడిగితే, "పెట్టెలెక్కడుంటే నేనక్కడ" అంది. అలా పెట్టెలతో పాటు ఆవిడా మా వాటాకి వచ్చింది.

ఎన్నికలు ప్రకటించగానే మా ఆయన ఒక ఆంప్లీ కొనుక్కొచ్చాడు. చంకలో ఇరికించుకుని నడిచి రాగలిగినంత చిన్నది.

"దీనికి మన పెట్టెల్ని మోసే ఓపిక లేదండీ" అన్నాను.

"మెల్లగా పెట్టుకుందాంలేవే. ఎన్నికల మీటింగుకి కచేరీ సౌండు కావాలా ఏంటి?"

మెల్లగా! ఎన్నికల మీటింగులో మెల్లగా మాట్లాడిన మనిషిని మీరెప్పుడైనా చూశారా?

మొదటి మీటింగు మా వీధి మలుపులోనే. ఎన్నికల్లో నిలబడ్డ ఆయన పీలగా, మర్యాదగా ఉన్నాడు. మొదట్లో బాగానే మాట్లాడాడు. మా ఆయన గర్వంగా నా వైపు చూశాడు కూడా. కాసేపటికి ముందు వరసలో చప్పట్లు పడ్డాయి. అంతే, ఆయనకి ఊపొచ్చింది. నోరు మైకుకి ఆనించి, "మీ వీధికి కుళాయి వేయించే పూచీ నాది!" అని అరిచాడు. ఆంప్లీ మీద, ఇక నా బలం చాలదని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. ఆ మాట మా మామగారి గొంతులో వచ్చింది.

ఆఖరి నెలల్లో ఆయన గొంతు అచ్చం అలాగే ఉండేది. లోపల ఊపిరి లేదు, చెప్పి తీరాలన్న పట్టుదల ఉంది. మాట మొదలు బాగానే పలికి, బలం పెట్టాల్సిన చోట చిట్లి, రేకు మీద మేకుతో గీసినట్టు గరగరలాడుతూ ముగిసేది. వైరు చుట్ట నా చేతిలోంచి జారిపోయింది. నాకు వినపడింది నా భ్రమేమోనని మా ఆయన వైపు చూశాను. ఆయన మెడ వంచి, బిగించి ఉన్న మరనే మళ్ళీ బిగిస్తున్నాడు.

వెనక్కి తిరిగేసరికి అత్తయ్య వీధిలో నిలబడి ఉంది. పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టుంది, చేతిలో గరిటె అలాగే ఉంది. నా వైపు గానీ, మాట్లాడుతున్నాయన వైపు గానీ చూడలేదు. పెట్టె వైపు చూస్తోంది.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదు. పిలిచినట్టనిపిస్తే వచ్చాను" అంది.

మర్నాటి నుంచి ఆవిడ ప్రతి మీటింగుకీ మా బండి ఎక్కేది. ఒక ముక్కాలిపీట తెచ్చుకుని ఆంప్లీ బల్ల పక్కన వేసుకునేది. ఎండలో ఎందుకమ్మా అని మా ఆయన గొణిగితే, "ఇంట్లో మాత్రం ఏముందిరా" అనేది. జనం ఆవిణ్ణి చూసి ముచ్చటపడ్డారు. ఆ వయసులో రాజకీయాల మీద ఎంత ఆసక్తి అని ఒక నాయకుడు వచ్చి దండం కూడా పెట్టాడు. ఆవిడకి ఆ పార్టీ పేరు కూడా తెలీదు.

ఆ ఎండల్లో మా మామగారు చేయని వాగ్దానం లేదు. రోడ్లు వేస్తానన్నారు. ఆస్పత్రి కట్టిస్తానన్నారు. బతికుండగా వంటింటి కిటికీ రెక్క బాగుచేయించమంటే ఏడాది తిప్పిన మనిషి! ఒకరోజు ఒక ఆవిడ మాట్లాడింది. బడిలో పాఠాలు చెప్పి చెప్పి ఆరితేరిన కంఠం. ఆడగొంతు కదా, ఇవాళైనా తప్పుతుందనుకున్నాను. ఆవిడ స్వరం పెంచింది, ఎర్ర లైటు వెలిగింది, లోపల్నుంచి మళ్ళీ ఆయనే.  ఆ తర్వాత స్విచ్చి వేయాలంటేనే నాకు భయం పట్టుకుంది. పొద్దున పెట్టెలు తుడిచేటప్పుడు హారన్ మూతి వైపు వెళ్ళకుండా పక్కనుంచి తుడిచేదాన్ని. మా ఆయన చెవుల్లో దూది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే దుమ్మన్నాడు. చెవిలోకి దుమ్ము పోతుందని దూది పెట్టుకునే సౌండు మనిషిని నేనెక్కడా చూడలేదు.

దీనికి తోడు హారన్లు పోవడం మొదలైంది. మొదటిది పోయినప్పుడు కాలిన వార్నిషు వాసన వచ్చింది. విప్పి చూస్తే లోపలి తీగచుట్ట నల్లగా మాడిపోయి ఉంది. సరే, పాతది, వయసైపోయింది అనుకున్నాం. ఆ వెంటనే ఇంకోటి పోయింది. అప్పుడు నేను ఆంప్లీ ముందు కూర్చుని, ఎర్ర లైటు వెలగని చోటు చూసుకుని, వాల్యూము మర పక్కన తెల్ల టేపు ముక్క అంటించాను. దీన్ని దాటి ఎవరూ తిప్పకూడదని మా ఆయనకి గట్టిగా చెప్పాను. ఆయన దాటలేదు. అయినా గొంతు చిట్లుతూనే ఉంది, హారన్లు మాడుతూనే ఉన్నాయి. ఆ హారన్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. లోపలి చుట్టలు ఎక్కడా దొరకవు. ఒక్కొక్కటి పోతుంటే మా ఆయన ముఖం చిన్నబోయేది. అవి ఆయనకి సామాను కాదు, వాళ్ళ నాన్న.

"బావగారి దగ్గరికి వెళ్ళండి. మన పెట్టెలు, ఆయన ఆంప్లీలు. కలిసి చేసుకుంటే పోయేదేముంది?"

"వాడు వెళ్ళిపోయాడు. వాణ్ణే రమ్మను."

"ఎవరో ఒకరు ముందడుగు వెయ్యాలి కదండీ."

"అమ్మ చెప్తే వెళ్తా" అన్నాడు. అది పట్టింపు మాట కాదు, సాకూ కాదు. నిజంగానే ఆవిడ చెప్తే వెళ్ళేవాడు.

బావగారి అవస్థ ఇంకో రకం. ఆ బలమైన ఆంప్లీలకి చవక రకం ప్లాస్టిక్ పెట్టెలు తగిలించారు. ఏనుగుని తెచ్చి మేకల బండికి కట్టినట్టు. గుసగుసగా పెడితే సరే, ఒక్క మనిషి గొంతెత్తితే లోపలి కాగితం చిరిగి చేతిలోకి వచ్చేది. ఆ సంగతి నాకు మా తోటికోడలు కూరల కొట్టు దగ్గర చెప్పింది. మగవాళ్ళు మాట్లాడుకోకపోయినా మేం మాట్లాడుకోవడం మానలేదు.

"మీ బావగారు తనంతట తను రారే. అత్తయ్య ఒక్కమాట అంటే ఈ పూటే అన్నీ తెచ్చి మీ గుమ్మంలో దించుతారు."

"మా ఇంట్లోనూ అదే పాట అక్కా."

"మరి ఆవిడ అనదేం?"

"అడిగితే తొందరేముంది అంటుంది."

"ఆవిడకి లేకపోతే మానె, పెట్టెలకి ఉంది కదే తొందర" అని మా తోటికోడలు తక్కెడ వైపు తిరిగింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామనుకున్నాను గానీ, ఊరుకోవడం నా జాతకంలో లేదు. కన్నకొడుకులు కలవడం ఇష్టం లేని తల్లి ఉంటుందా అన్నది నన్ను నిద్రపోనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం సోల్డరు తీగ కోసం బజారుకి వెళ్ళి, కొట్టు మూసి ఉంటే వెంటనే తిరిగొచ్చాను. మా షట్టరు సగం దించి ఉంది. లోపల్నుంచి మామగారు వార్తలు చదువుతున్నారు. ఎక్కడో వడగాలులని, ఎక్కడో రైళ్ళు ఆలస్యమని, గరగరలాడే గొంతుతో, ఒక్కో మాటా కష్టపడి కూడగట్టుకుంటూ. వంగి లోపలికి దూరాను. అత్తయ్య షాపు రేడియోని ఆంప్లీకి తగిలించి, హారన్ మూతి ముందు పీట వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతోంది. వాల్యూము మర నా టేపు ముక్కని ఎప్పుడో దాటిపోయి చివరికంటా తిరిగి ఉంది.

నేను వెళ్ళి తగ్గించాను. వెంటనే అది రేడియోలో వార్తలు చదివే ఎవరో కుర్రవాడి గొంతైపోయింది. ఆవిడ కళ్ళు తెరిచింది.

"మీటింగుల్లో కూడా మీరేనా అత్తయ్యా?"

"నువ్వు వైర్లు చూడ్డానికి అటు వెళ్ళినప్పుడు తిప్పేదాన్ని" అంది, కూరలో ఉప్పు నేనే వేశానని చెప్పినంత మామూలుగా.

"ఎర్ర లైటు వెలిగితే ఏమవుతుందో తెలుసా మీకు?"

"ఆయనతో ఇంతకాలం కాపురం చేశాను, నాకు లైటు గురించి చెప్తావా? తెలిసే తిప్పాను. అది వెలిగితేనే కదే ఆయన వచ్చేది."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాను. "అత్తయ్యా, ఈ హారన్లు పోతే మళ్ళీ దొరకవు" అన్నాను.

"ఆయన దొరుకుతాడా?"

 ఆవిడే మళ్ళీ అంది, ఈసారి నాతో అన్నట్టు కాదు. "ఆయన బాగున్నప్పుడు ఎలా మాట్లాడేవాడో గుర్తు రావట్లేదే నాకు. మొహం గుర్తుంది. నడక గుర్తుంది. గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా రావట్లేదు. ఎప్పుడు తలుచుకున్నా ఇదే, ఈ జబ్బు గొంతే. ఇదీ పోతే నాకేం మిగులుతుంది? వాళ్ళిద్దరూ కలిస్తే పెద్దోడి ఆంప్లీలు వస్తాయి. అవి వస్తే ఇది పలకదు. ఆ మాత్రం నాకు తెలుసు."

అప్పుడు అర్థమైంది నాకు, తొందరేముంది అన్న మాటకి అర్థం. ఆ ఇంట్లో అన్నదమ్ములు కలవడమూ, ఆవిడ పెనిమిటి మాట్లాడటమూ రెండూ ఒకేసారి జరగవు. రెంటిలో ఏది ఉండాలన్నది ఆవిడ చేతిలోనే ఉంది. పాపం ఇన్నాళ్ళూ ఒక్కతే మోసింది.

"కలవకపోయినా ఇది ఎన్నాళ్ళో ఉండదు అత్తయ్యా" అన్నాను. "ఒక్క జతే మిగిలింది. అది మాడితే ఈ గొంతూ ఉండదు, ఏ గొంతూ ఉండదు. అదే బావగారి ఆంప్లీ పెడితే, మామయ్యగారి రోజుల్లోలా పలుకుతాయి."

ఆవిడ తలెత్తింది. "ఆయన రోజుల్లోలాగానా?"

"అచ్చం అలాగే."

పెట్టెల గురించే అన్నాను నేను.  ఆవిడ లేచి రేడియో తీగ విప్పి, నీటుగా చుట్టి, ఎక్కడిది అక్కడ పెట్టింది. ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు నేను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

ప్రచారానికి ఆఖరి రోజు ఒకటే మైదానంలో రెండు పార్టీల మీటింగులూ పడ్డాయి. మధ్యాహ్నం వాళ్ళది, సాయంత్రం మాది. వాళ్ళ సౌండు బావగారిది. మేం వెళ్ళేసరికి ఆ చివర ఆయన వైర్లు చుట్టుకుంటున్నారు, ఈ చివర మేం స్టేజీ పక్కన మిగిలిన జత పెట్టెలు నిలబెట్టి హారన్లు ఎక్కించాం. అన్నదమ్ములిద్దరూ ఒకరి వైపు ఒకరు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో, అంత కష్టం మీటింగు మీద పెట్టి ఉంటే ఇద్దరూ బాగుపడేవారు. జనం అప్పుడప్పుడే వచ్చి కుర్చీల్లో సర్దుకుంటున్నారు. మాట్లాడాల్సిన పెద్దమనిషి ఇంకా దారిలో ఉన్నాడన్నారు. మా ఆయన నిచ్చెనెక్కి హారన్ మరలు బిగిస్తున్నాడు.

అత్తయ్య పీట మీంచి లేచింది. బల్ల మీద మైకు తీసుకుంది. రెండో చేత్తో వాల్యూము మర పట్టుకుని, నా వైపు చూసింది. దొంగతనంగా తిప్పడం కాదు ఈసారి, నాకు చూపించి తిప్పుతోంది. చెయ్యి అందేంత దూరంలోనే ఉన్నాను. ఆపలేదు.

"పెద్దోడా."

పిలిచింది ఆవిడ, వచ్చింది ఆయన గొంతు. మైదానం ఆ చివరిదాకా గరగరలాడుతూ పోయింది. కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే మింగేశారు.

"పెద్దోడా, ఇలా రారా. మోయలేకపోతున్నాన్రా."

నిచ్చెన మీద మా ఆయన రెండు చేతులతో పెట్టెని కావలించుకున్నాడు. చెవుల్లో దూది ఉంది, అయినా విన్నాడు. ఎడమ పక్క హారన్‌లోంచి చిటపటమని శబ్దం, ఆ వెనకే కాలిన వాసన. ఆవిడ మైకు దించలేదు. ఇంకోసారి పిలిచింది. ఆ చివర బావగారు నిటారుగా నిలబడిపోవడం కనిపించింది. తర్వాత నడక మొదలుపెట్టారు. భుజాన వైరు చుట్ట దించడం కూడా మర్చిపోయి, కుర్చీల మధ్యలోంచి, ఎవరు తప్పుకుంటున్నారో చూడకుండా వచ్చారు.

వచ్చి ముందు తల్లి దగ్గరికి వెళ్ళలేదు. ఆంప్లీ దగ్గరికి వెళ్ళి వాల్యూము తగ్గించారు. సౌండు మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఎవరు పెట్టారింత?" అన్నారు.

"నేనే" అంది అత్తయ్య.

"నువ్వా? నువ్వేంటమ్మా, నీకు తెలీదా?"

"నేను పిలిస్తే వస్తావో రావో. ఆయన పిలిస్తే వస్తావని."

మా ఆయన నిచ్చెన దిగాడు. దిగి, చెవుల్లో దూది తీసి జేబులో పెట్టుకున్నాడు. బావగారు నిచ్చెనెక్కి, ఎడమ హారన్ మీద చెయ్యి ఆనించి, వేడి చూసి, తల అడ్డంగా ఊపారు. నిచ్చెన అటు జరిపి కుడి హారన్‌కి చెవి ఆనించారు.

"ఇదొకటి బతికుంది" అన్నారు. తర్వాత హారన్‌తో చెప్తున్నట్టు, "రోజూ విన్నాన్రా. మీ మీటింగు మొదలైందంటే షట్టరు దించుకుని లోపల కూర్చునేవాణ్ణి" అన్నారు.

"నేను దూది పెట్టుకునేవాణ్ణి" అన్నాడు మా ఆయన.

అన్నదమ్ములు అంతకు మించి ఒక్క మాట అనుకోలేదు. క్షమించమనీ అనలేదు, కౌగిలించుకోనూ లేదు. బావగారు గిరుక్కున తిరిగి వెళ్ళి, బండి మీది పెద్ద ఆంప్లీని రెండు చేతులా ఎత్తుకుని ఆయాసపడుతూ వచ్చారు. మా ఆయన ఎదురెళ్ళి రెండో వైపు పట్టుకున్నాడు. దాన్ని బల్ల మీద దించిన మరుక్షణమే ఇద్దరూ వాదులాడుకోవడం మొదలుపెట్టారు. ఒక్క హారనే కదా, అంత బలం ఎందుకని తమ్ముడు. ఒక్కటే కాబట్టే సుఖంగా మోస్తుంది, నాన్న ఏం చెప్పాడో మర్చిపోయావా అని అన్న. ఎర్రవైరు నేను పట్టుకుంటా, నువ్వు నల్లది చూడు. నువ్వు చూడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పాత టేపు ముక్క పీకి పారేశాను. దానితో ఇక పని లేదు.

బావగారు మైకు తీసుకుని, "హలో" అన్నారు.

ఎన్ని నెలలైంది ఆ సౌండు విని! అరుపు లేదు, గరుకు లేదు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత నిదానంగా మైదానం చివరి కుర్చీ దాకా వెళ్ళింది. ఆంప్లీ మీద ఆకుపచ్చ లైటు తొణక్కుండా వెలుగుతోంది. "నాన్న ఉన్నప్పటిలా ఉంది" అన్నాడు మా ఆయన, కళ్ళు తుడుచుకుంటూ, దాచుకోకుండా.

ఆ మాట విని అత్తయ్య లేచింది. జుట్టు సవరించుకుంది. ఎవరైనా ఇంటికి వస్తున్నప్పుడు చేసినట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పెద్దకొడుకు చేతిలోంచి మైకు అడిగి తీసుకుని, పెట్టెకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఏమండీ" అంది.

ముసలి గొంతు. కొంచెం వణుకు, కొంచెం సిగ్గు. అద్దంలా స్పష్టంగా మైదానమంతా పరుచుకుని, ఆ చివరి గోడకి తగిలి ఆగిపోయింది. ఆవిడ ఎదురుచూసింది. మేమూ కదల్లేదు. కుర్చీల్లో జనానికి ఏమర్థమైందో గానీ వాళ్ళూ గప్‌చిప్‌గా ఉన్నారు.

"ఏమండీ, వినపడుతోందా?"

మళ్ళీ అదే గొంతు. ఆవిడ మైకు వైపు చూసి, పెట్టె వైపు చూసి, నన్ను వెతుక్కుంది. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఇది నా గొంతు కదే?"

"మీదే అత్తయ్యా."

"ఇందులో నేనొక్కదాన్నేనా?"

కొడుకులిద్దరూ వైర్ల మీద వంగిపోయారు. నేను ఆవిడ చేతిలోంచి మైకు తీసుకుని స్విచ్చి ఆపాను. మా మామగారు పోయింది చలికాలంలో. మా అత్తయ్య ఏడ్చింది మాత్రం ఆ సాయంత్రమే.